బొబ్బలెక్కిన వేళ్ళు

బేస్ గిటార్ మొదలుపెట్టిన కొత్తలో బొబ్బలెక్కేది ఎక్కువగా తీగ మీటే చేతి చూపుడువేలికి, మధ్యవేలికి. ఎక్కవా మరి! మామూలుగా ఎలెక్ట్రిక్ గిటార్ సన్నతీగ 0.010 అంగుళం ఉంటే, బేస్‌లో సన్నది అనుకునే తీగే 0.045. లావుది 0.105. పైగా రౌండ్‌వౌండ్ తీగలు ఆకురాయిలా గీరతాయి.

బొబ్బని సూదితో పొడవకండి, పై తోలు పీకకండి. దానంతటదే పగిలితే సబ్బునీళ్ళతో కడిగి బ్యాండెయిడ్ వేసుకుని, మానేదాకా గిటార్ పక్కన పెట్టండి. సూపర్ గ్లూ రాసుకుని వాయించేయమనే మహానుభావులు ఉంటారు. వాళ్ళకో దండం.

వేళ్ళు కాయకాచేదాకా ఎలాగూ ఓపిక పట్టాలి. అయితే సగం మంట బలంగా గుంజడం వల్లే. ఆంప్ వాల్యూమ్ పెంచి, తీగని మెల్లగా మీటితే సరిపోతుంది. మోటౌన్ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ దాదాపు అంతా ఒక్క చూపుడువేలితోనే మీటేవాడు! ఆయనవి నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు లెండి.

అన్నట్టు, హైదరాబాద్‌లో ఫ్లాట్‌వౌండ్ సెట్ ఎవరైనా అమ్ముతున్నారా? ఇన్‌బాక్స్‌లో చెప్పండి.