గోడ మీది పెట్టె, ఐదు అక్షరాలు

అమెరికాలో కాపురాలు చేసే మన ఇళ్ళల్లో ఒక తగువు మాత్రం తప్పదు. హాల్లో గోడకి అతుక్కుని ఉండే చిన్న పెట్టె గురించి. అదేనండీ, థెర్మోస్టాట్! మావారికి 68 డిగ్రీలు చాలు. పిల్లలకి 70 కావాలి. ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారైతే 74 పెట్టినా శాలువా తియ్యరు.

గదిలో పెట్టే కరెంటు థెర్మోస్టాట్‌కి 1883లో పేటెంటు తీసుకున్నది విస్కాన్సిన్‌లో వైట్‌వాటర్ అనే ఊరి పంతులుగారు, వారెన్ జాన్సన్. గదిలో వేడి ఎంతుందో చూడ్డానికి పనివాడు మాటిమాటికీ లోపలికొచ్చి పాఠం చెడగొడుతుంటే విసుగొచ్చిందట. పంతులుగారి బుర్రలో పుట్టిన వస్తువు, బీఏ తెలుగు చదివినదానికి మాత్రం కొరుకుడు పడదా అని నాకు ధైర్యం.

ఆ ధైర్యం పోయిన ఫిబ్రవరిలో అక్కరకొచ్చింది. మేముండేది మిషిగన్‌లో. బయట 10 డిగ్రీలు, మన సెల్సియస్ లెక్కలో మైనస్ 12. పొద్దున్న లేచేసరికి థెర్మోస్టాట్‌లో అంకెల్లేవు. కొత్త బ్యాటరీలు వేసినా వెలగలేదు. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ బోర్డు మీద చిన్న దీపం మాత్రం ఎప్పటిలాగే వెలుగుతోంది. అంటే ఫర్నేస్‌కి కరెంటు అందుతోంది, దానికి పని చెప్పేదే మూగబోయింది. మావారు ఆఫీసు పని మీద టెక్సస్‌లో ఉన్నారు. రిపేరు వాళ్ళు మూడు రోజులకి గానీ రాలేమన్నారు. మధ్యాహ్నానికి ఇల్లు 58కి దిగింది. అత్తయ్యగారి మోకాళ్ళు మంచం దిగనివ్వడం లేదు.

కొత్తది కొనుక్కొచ్చి నేనే బిగిస్తానన్నాను. అత్తయ్యగారి మొహం పాలిపోయింది.

"వద్దమ్మాయ్. ఆ వైర్ల జోలికి పోకు. మూడు రోజులు దుప్పట్లు కప్పుకుని కూర్చుందాం. నీకేమన్నా అయితే వాడికి నేనేం చెప్పను?"

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆవిడ తమ్ముడు ఇరవై రెండేళ్ళకే పొలంలో తడి కాళ్ళతో మోటారు స్టార్టరు డబ్బా ముట్టుకుని పోయాడు. ఈనాటికీ ఆవిడ చెప్పులు వేసుకోకుండా స్విచ్ వెయ్యరు. అలాంటి మనిషితో "ఏం కాదులెండి" అని తేల్చెయ్యడానికి నాకు నోరు రాలేదు. చెయ్యి పట్టుకుని మెల్లగా బేస్‌మెంట్‌కి దింపాను. ఫర్నేస్‌దీ, బయటి ఏసీదీ బ్రేకర్లు ఆవిడ ముందే ఆపాను. "ఇందాకటి దీపం వెలుగుతోందా అత్తయ్యా?" అంటే, వంగి చూసి "లేదు" అన్నారు. మనూళ్ళో ఇంటి కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. ఫర్నేస్‌లో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 24కి తగ్గించి థెర్మోస్టాట్‌కి పంపుతుంది. ఆ 24 కూడా ఇప్పుడు లేదని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు గానీ నా వెనకే పైకొచ్చి, ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డారు.

పాత పెట్టె ముందుభాగం ఊడదీస్తే లోపల నాలుగు వైర్లు, ఒక్కోదాని పక్కన ఒక్కో అక్షరం. ఆర్ అంటే కరెంటు తెచ్చేది, డబ్ల్యూ వేడికి, వై చల్లదనానికి, జీ ఫ్యానుకి. ముందు ఫోటో తీసుకున్నాను. తర్వాత పిల్లల పుస్తకాల మీద అంటించే స్టిక్కర్ల మీద అక్షరాలు రాసి, ఒక్కో వైరుకి చుట్టాను. వైర్లు గోడలోకి జారిపోకుండా పెన్సిలుకి మెలేసి ఉంచాను.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాటొకటుంది. రంగుని నమ్మకండి, అక్షరాన్ని నమ్మండి. వై గడిలో పసుపు వైరు ఉండటం వాడుక. మా ఇంట్లో ఎవరు బిగించారో గానీ నీలం పెట్టారు. పసుపుది ఏ పనీ లేకుండా గోడలో మడిచి ఉంది.

ఆ పసుపుదే మాకు పనికొచ్చింది. కొత్త థెర్మోస్టాట్‌కి బ్యాటరీలుండవు, దానికి ఐదో వైరు కావాలి, సీ అని. ఆర్‌లో వచ్చిన కరెంటు తిరిగి వెళ్ళే దారి అది. కిందకెళ్ళి ఫర్నేస్ తలుపు తీస్తే, పసుపు వైరు రెండో కొస అక్కడ కూడా ఖాళీగా చుట్టి ఉంది. బోర్డు మీద సీ అన్నచోట అప్పటికే బయటి ఏసీకి వెళ్ళే వైరొకటి ఉంది. దాని పక్కనే దీన్నీ బిగించాను. పైన కొత్త పెట్టెలో అక్షరానికి అక్షరం కలిపాను. ఆర్, సీ ఒకదానికొకటి తగిలితే బోర్డు మీది చిన్న ఫ్యూజు పోతుంది. అందుకని రాగి తీగ బయటికి కనపడకుండా లోపలిదాకా నెట్టాను. ఫర్నేస్ తలుపు గట్టిగా మూసుకోకపోతే అది నడవదు, అదీ చూసుకున్నాను.

బ్రేకర్లు వేశాను. తెర వెలిగింది. గ్యాసా, కరెంటా అని అడిగితే గ్యాస్ అని చెప్పి, వేడి 70కి పెట్టాను. టిక్కుమంది. కింద ముందు చిన్న ఫ్యాను రొద, కాసేపటికి మంట అంటుకున్న చప్పుడు, ఆ తర్వాత పెద్ద గాలి. అత్తయ్యగారు నేల మీది జాలీ దగ్గర పాదం పెట్టి నిలబడ్డారు. "మా తమ్ముడికి కూడా ఎవరన్నా ఇట్లా ముందు ఆపేసి, చూసుకుని ముట్టుకోమని చెప్పి ఉంటేనా..." అన్నారు. నేనేం మాట్లాడలేదు. పాదం చల్లారిందని రెండోది పెట్టమన్నాను.

మీలో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే ఒక జాగ్రత్త. గోడలోంచి లావుపాటి వైర్లు, వాటికి ప్లాస్టిక్ టోపీలు కనపడితే అది 24 వోల్టుల వ్యవహారం కాకపోవచ్చు. మూసేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి. హీట్ పంపు ఉన్న ఇళ్ళల్లో ఓ, బీ లాంటి అక్షరాలు కూడా వస్తాయి. ఆ ఫోటో చేతిలో పెట్టుకుని, కొత్తదానితో వచ్చిన పుస్తకం చదువుకున్నాకే చెయ్యి పెట్టండి.

చల్లదనం సంగతి మాత్రం అప్పుడు చూడలేదు. అంత చలిలో ఏసీ నడిపితే బయటి కంప్రెసర్‌కి దెబ్బ. మే నెలలో ఎండ వచ్చాక వేశాను, ఐదు నిమిషాలాగి చల్లగాలి మొదలైంది. అప్పటికి అత్తయ్యగారు ఊరెళ్ళిపోయారు. ఫోన్ చేసి చెబితే, "బాగానే ఉంది గానీ, ముందు బ్రేకరు ఆపావా?" అన్నారు.

ఏసీ వెయ్యడానికి బ్రేకరు ఆపక్కర్లేదని నేను చెప్పలేదు. "మీరు నేర్పినట్టే అత్తయ్యా" అన్నాను.