మూడ్ రావట్లేదంట!

“కథ రాయాలనుంది గానీ మూడ్ రావట్లేదు” అనే మిత్రులకి నేను చెప్పేది ఒకటే. ఓసారి శ్రీకాకుళం వెళ్లి, కథల లైబ్రరీ కథానిలయం చూసి రండి. మా హరిశ్చంద్రపురంలో పాసింజరెక్కితే ఎంతసేపు! కథకుడు కారా మాస్టారు 1997లో పెట్టారు దాన్ని. నిజం చెప్పాలంటే, ఆ బీరువాల మధ్య నిలబడితే ముందు భయమేస్తుంది. ఇన్ని వేల కథలొచ్చేశాక ఇంక మనమేం రాస్తాం? కానీ ఆ మాస్టారే తన కథలు తనకే తృప్తినివ్వక మధ్యలో కొన్నేళ్లు రాయడం మానేశారు. ఆయన ‘యజ్ఞం’ కథ ఆ తర్వాత వచ్చిందే.

మూడ్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నన్ను కూర్చోబెట్టినవి ఒకావిడ వేళ్లు. పలాసలో జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ నూనెకి తోలూడి, నల్లబడిపోయాయి. బ్యాంకులో ఎన్నిసార్లు నొక్కినా వేలిముద్ర పడదు. నా వైపు తిరిగి, “నాను కానట బావూ! మరి నానెవుల్ని?” అంది.

పాస్‌బుక్ వెనకే రాసేసుకున్నాను. ఇంటికొచ్చాక నాలుగు పేజీలైంది. ముగింపు మాత్రం కుదర్లేదు. ఓపికున్నవాళ్లు చెప్పండి, పంపిస్తాను. మొహమాటం లేకుండా తిట్టాలి మరి.