వియెర్ను సంగీతమును అచ్చుతప్పులును

నిరుడు క్రిస్మసు పండుగకై మా గాయకబృందమునకు ఒక పాత పుస్తకమునుండి నాలుగు స్వరభాగములను నా చేతితోనే ఎత్తివ్రాసి యిచ్చితిని. మంద్రభాగమున ఒక షార్పు గుర్తు వదలిపోయినది. చూపు మందగించి వినికిడి చేతనే పాట పట్టెడి యొక బాలుడు, "మాష్టారూ, ఇక్కడ స్వరము కలియుట లేదండీ" అని రెండుమారులు చెప్పెను. నేను కాగితమును చూపి వానిని కూర్చుండబెట్టితిని. పండుగనాడు అందరును ఆ తప్పునే పాడిరి. మరునాడు మూలగ్రంథము తెరచి చూడగా వాడు చెప్పినదే నిజము.

ఆ సిగ్గు ఇంకను తీరకమునుపే లూయీ వియెర్ను (1870–1937) చరిత్రము చదువుట తటస్థించినది. ఆయన ఫ్రాన్సు దేశమున ప్వాతియే పట్టణమున పుట్టుశుక్లములతో జన్మించెను. బాల్యమున జరిగిన శస్త్రచికిత్సవలన కొద్దిపాటి చూపు మాత్రము కలిగెను. పారిసులోని అంధబాలుర పాఠశాలలో చదివి, ఫ్రాంక్, విడోర్ అను మహావిద్వాంసులకు శిష్యుడై, 1900 మొదలు మరణపర్యంతము నోత్రదామ్ దేవాలయమున ఆర్గన్ వాయించెను. ఆర్గన్ అనగా మన హార్మోనియము వంటిదే యని బాలురు తలంపరాదు. అచ్చట గాలి వేలకొలది గొట్టములలో చొచ్చి పలుకును. చేతులకు అయిదు వరుసల మెట్లు, పాదములకు వేరొక వరుస. 2019 సంవత్సరపు అగ్నిప్రమాదమున ఆలయపు పైకప్పు కాలిపోయినను ఆ వాద్యము దక్కినది.

వాద్యబృందమంతయు చేయు పనిని ఒక్క ఆర్గన్‌చేత చేయించుట ఆ కాలపు ఫ్రెంచి స్వరకర్తల ఆశయము. వియెర్ను అట్టి సింఫనీలు ఆరు రచించెను. మొదటిదానియందలి తుదిభాగమును రికార్డుపై వింటిని, కుర్చీలో నిలువలేకపోతిని. అయితే ఆయన స్వరములు తిన్నని బాటను పోవునవి కావు. అర్ధస్వరములు అడుగడుగునను అడ్డము వచ్చును. ఒకచోట చెవికి కటువుగా తోచినచో అది అచ్చుతప్పో, ఆయన కోరి వ్రాసినదో చెప్పుట కష్టము. పెద్ద కాగితములపై పెద్ద గుర్తులతో వ్రాసుకొను మనుజునకు ప్రూఫులు దిద్దుటకు కన్నులెట్లు చాలును? తప్పులు విస్తారముగా మిగిలిపోయినవి.

ఈ శతాబ్దమున జర్మనీయందలి కారుస్ సంస్థకై యోన్ లౌక్విక్, డేవిడ్ సాంగర్ అనువారును, బేరెన్‌రైటర్ సంస్థకై హెల్గా షౌవెర్టె అను విదుషీమణియు ఆ గ్రంథములను పరిష్కరించిరి. అట్టి పరిష్కర్తలు వ్రాతప్రతులను, తొలి ముద్రణములను సరిపోల్చి, మన పండితులు తాళపత్రప్రతుల పాఠాంతరములను చూపినట్లే, తాము మార్చిన స్వరమునకు కారణము చెప్పుదురు. వారి పాండిత్యముకంటె ఈ మర్యాదయే నన్ను ఎక్కువగా ఆకర్షించినది. తమ ఊహను స్వరకర్త నోట పెట్టరు. (గ్రంథముల ధర మాత్రము బడిపంతుళ్ల జీతములకు అందునది కాదు.)

1937 జూను 2వ తేదీన, తన 1750వ కచేరియందు, ఆ ఆర్గన్ ముందరనే వియెర్ను ఒరిగిపోయి ప్రాణము విడిచెను.

మొన్న నా పాత కాగితమును వెదకి తీసి, ఎఱ్ఱసిరాతో షార్పు గుర్తు చేర్చితిని. మునుపటి వ్రాతను చెరపలేదు. అంచున తేదీని, తప్పు పట్టిన బాలుని పేరును వ్రాసి, వానిని పిలిచి చదివి వినిపించితిని. వాడు కొంతసేపు తటపటాయించి, "రెండవ పుటలో కూడ ఒకటి యున్నదండీ" అనెను.

చూచితిని. ఉన్నది.