తెర మారితే కొలత మారుతుంది

రీలు కెమెరాల కాలంలో పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబానికి పెండ్లి ఆల్బమే గొప్ప ఆస్తి. ఫోటోలు నల్లబడితే ఆ రోజు తిరిగి రాదు. అందుకే సంగారెడ్డి చుట్టుపక్కల పెండ్లిండ్లకు ఫోటోలు తీసిన మేము, ముందుగా లైట్ మీటరును పరీక్షించేవాళ్లము.

ఒకసారి మా కెమెరాలో బూజు పట్టిన ఫోకసింగ్ తెరను తీయించి, మరింత వెలుగుగా కనిపించే తెర వేయించాము. నికాన్ ఎఫ్.ఎం.2 వంటి కెమెరాల్లో మీటరు ఆ తెరమీది వెలుగునే కొలుస్తుంది. తెర వెలుగు పెరిగితే బయట వెలుతురే పెరిగిందని చూపుతుంది. దాన్ని నమ్మితే ఫిలిముకు వెలుతురు చాలదు.

తెర మార్చని మరో కెమెరాను పక్కన పెట్టి, ఒకే సున్నపు గోడను రెంటితో కొలిచాము. మాది ఒక స్టాప్ ఎక్కువ చూపింది. 100 ఏ.ఎస్.ఏ. ఫిలిముకు డయలును 50 దగ్గర పెట్టాము. ఆ వారం చర్చిలో తీసిన పెండ్లి ఫోటోలు తేటగా వచ్చాయి.

అన్ని కెమెరాలూ ఒకటి కావు. 1980లో వచ్చిన నికాన్ ఎఫ్3లో మీటరు అద్దం కింద ఉంటుంది. తెర మారినా లెక్క మారదు. 2005 నాటి కెనాన్ 5డి డిజిటల్ కెమెరాలోనైతే ఏ తెర వేశామో మెనూలో తెలపాలి.

ప్రియ పాఠకులారా, మీ ఇంట పాత కెమెరా బాగుచేయించుకునే యువకులుంటే ఈ మాట చెప్పండి: కంటికి తేటగా కనబడినంత మాత్రాన కొలత సరికాదు. ముందు గోడమీద పరీక్షించండి, తరువాతే పెండ్లికి వెళ్లండి.