పతా సరిగ్గా రాయండి బేటా



ఇంటిపేరు కష్టాలు తెలియని ఖాందాన్ మనలో లేదు. ఒకే మనిషి. ఆధార్‌లో 'షేక్'కు చివర ఇంగ్లిష్ 'కె' ఒక్కటే, టెన్త్ సర్టిఫికెట్‌లో 'కె' పక్కన 'హెచ్', ఇంకోచోట ఉత్త 'ఎస్.కె.' మార్కాపురం బజారులో ఆయన అందరికీ ఒక్కడే, ఆఫీసు కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు.

ఫైళ్ల పేర్లకూ ఇదే ముసీబత్. ఇంజనీరింగ్ చదివే మన పిల్లల నోటికాడి కూడు దీంతో పోతోంది కాబట్టి రాస్తున్నా.

గిద్దలూరులో మా ఆపా కొడుకు పలకల గోడౌన్ లెక్కలు చూసే ప్రోగ్రాం సీ భాషలో రాశాడు. ఇంట్లో విండోస్ లాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. ఒక కంపెనీ పరీక్షకు పంపితే వాళ్ల లినక్స్ మెషీన్ మీద కంపైలే కాలేదు. మార్కులు సున్నా. "నా దగ్గర నడుస్తోంది మామూ, అల్లా కసమ్" అని ఫోన్లో ఏడుపు. వాడు చెప్పింది ఝూట్ కాదు.

ఫైలు పేరు 'పలక', ఇంగ్లిష్ చిన్న 'పీ'తో. కోడ్‌లో దాన్ని ఇన్‌క్లూడ్ చేసిన చోట పెద్ద 'పీ'. విండోస్ మామూలుగా ఆ ఫర్క్ పట్టించుకోదు. లినక్స్‌కు అవి రెండు వేరే ఫైళ్లు. పైగా ఫోల్డర్‌కూ ఫైలుకూ మధ్య \ గీత పెట్టాడు. లినక్స్‌లో దారి చూపే గీత / ఒక్కటే. అక్కడ \ అనేది పేరులో ఒక మామూలు హర్ఫ్. వీడు "గోడౌన్ ఫోల్డర్‌లో పలక" అన్నాడు. అది "గోడౌన్\పలక అనే పేరున్న ఫైలు" అని వింది. అలాంటి ఫైలు లేదు.

రెండు గీతలెందుకు? యూనిక్స్‌లో మొదట్నుంచీ / ఉంది. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చేసరికి, డాస్‌లో / గీతను కమాండ్ల ఆప్షన్లకు అప్పటికే వాడేస్తున్నారు. అందుకని \ తీసుకున్నారు. 40 ఏళ్లు దాటిన ఆ ఫైసలా గిద్దలూరు పిల్లవాడి నెత్తిన పడింది.

"కంపైలరే అర్థం చేసుకోవచ్చు కదా మామూ?" అన్నాడు. సవాల్ మంచిదే. కానీ లినక్స్‌లో ఒకే ఫోల్డర్‌లో పెద్ద 'పీ' ఫైలూ చిన్న 'పీ' ఫైలూ రెండూ ఉండొచ్చు. అందాజాగా ఒకటి తీసుకుంటే ఎర్రర్ రాకపోవచ్చు, లెక్క మాత్రం తప్పొచ్చు. గోడౌన్ లెక్క తప్పితే నష్టం ఎవరికి? ఊహించి నడిచేదానికన్నా "దొరకలేదు" అని ఆగిపోయే కంపైలరే అమానత్ నిలబెట్టేది. క్లాంగ్ అనే కంపైలరైతే, పేరులో అక్షరాలు డిస్క్ మీద ఉన్నట్టు లేవని విండోస్‌లోనే వార్నింగ్ ఇస్తుంది. అది చదివే ఆదత్ ఉండాలి.

తెలుగు పేర్లలోనూ చిక్కుంది. 'సైదా'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, బైట్లలో వేరు. పాత మాక్ ఫైల్ సిస్టం దాన్ని రెండు గుర్తులుగా విడదీసి దాచేది. లినక్స్‌లో మామూలుగా అవి రెండు పేర్లు.

మా భాంజా రెండు లైన్లు మారిస్తే లినక్స్‌లోనూ నడిచింది. ఆ కంపెనీ మాత్రం రెండో మౌకా ఇవ్వలేదు.

బేటా, ఫైళ్లకు ఇంగ్లిష్ చిన్న అక్షరాలతోనే పేర్లు పెట్టండి, మధ్యలో ఖాళీ వదలొద్దు. గీత ఎప్పుడూ / వాడండి, విండోస్ కంపైలర్లూ ఒప్పుకుంటాయి. 'కాన్', 'ఆక్స్' అనే పేర్లు పెట్టొద్దు, విండోస్ వాటిని తనకోసం ఉంచుకుంది. 'సీ' డ్రైవ్ నుంచి మొదలుపెట్టి పూర్తి పతా రాయొద్దు. "మసీదు వెనక ఇల్లు" అంటే మన వీధిలో చాలు, బయటూరి పార్సిల్‌కు చాలదు.

అమ్మీ అబ్బాలకు ఒక మాట. పిల్లల లాప్‌టాప్‌లో లినక్స్ పెట్టించండి. పైసా ఖర్చు లేదు. పంపేముందు ఒక్కసారి అందులో నడిపి చూసుకుంటే మెహనత్ వృథా పోదు, ఇన్షాఅల్లా.