హెస్సె విక్టోరియా

మౌంట్‌బాటెన్ పేరు మనకు తెలుసు. ఆయన తల్లి గురించి ఎవరూ మాట్లాడరు. జర్మనీలోని హెస్సె రాజకుమారి విక్టోరియా, 1863లో పుట్టింది. పదిహేనేళ్లకే డిఫ్తీరియా తల్లినీ చిట్టి చెల్లెలినీ తీసుకుపోతే, మిగతా పిల్లలకు ఈమే పెద్దదిక్కు.

పెళ్లాడింది బ్రిటిష్ నౌకాదళ అధికారిని. 1914లో యుద్ధం రాగానే, జర్మన్ పుట్టుక కారణంగా ఆయన నౌకాదళాధిపతి పదవి వదులుకోవాల్సి వచ్చింది. జీవితమంతా ఆ దళానికే ఇచ్చిన మనిషి! 1918 జులైలో రష్యాలో ఇద్దరు చెల్లెళ్లు, ఎల్లా, చివరి జార్ భార్య అలిక్స్, ఒక్క రోజు తేడాతో హతమయ్యారు. ఆ దుఃఖాన్ని ఆవిడ ఎలా మోసిందో నాకు ఊహకందదు.

పెద్ద కూతురు ఆలిస్ నాజీల కాలంలో ఏథెన్స్‌లో ఒక యూదు కుటుంబాన్ని తన ఇంట్లో దాచి కాపాడింది. రెండో కూతురు లూయీస్ స్వీడన్ రాణి. చిన్నకొడుకు మన దేశానికి చివరి వైస్రాయ్. విక్టోరియా 1950లో లండన్‌లో కన్నుమూసింది.

నన్ను కదిలించింది మాత్రం 1993 నాటి సంగతి. రష్యాలో దొరికిన ఎముకల్లో అలిక్స్‌వి ఏవో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఆలిస్ కొడుకు ఫిలిప్ రక్తం తీసుకున్నారు. తల్లి నుంచి బిడ్డకు సంక్రమించే డీఎన్‌ఏ సరిపోయింది. డెబ్బై అయిదేళ్ల తర్వాత ఆ చెల్లెలిని గుర్తుపట్టింది అక్క మనవడి రక్తమే.