అరువు కుర్రాళ్ల మైదానం

తూర్పు లండన్‌లో లేటన్ స్టేషన్ దిగి కాస్త నడిస్తే బ్రిస్బేన్ రోడ్ స్టేడియం. నాలుగు మూలలా అపార్ట్‌మెంట్లు. బాల్కనీలో కుర్చీ వేసుకుంటే టికెట్ లేకుండానే మ్యాచ్. సుమారు 9,000 మంది పట్టే ఈ లేటన్ ఓరియంట్ మైదానానికి పెద్ద క్లబ్బులు తమ కుర్రాళ్లను లోన్‌పై, అంటే అరువుకు, పంపుతుంటాయి. ఆట రాటుదేలాలని.

2011 జనవరిలో టోటెన్‌హామ్ పంపిన 17 ఏళ్ల హ్యారీ కేన్ ఇక్కడ 18 లీగ్ మ్యాచ్‌లాడి 5 గోల్స్ చేశాడు. ఆ రుణం మరచిపోలేదు. 2020లో కోవిడ్ వేళ ఓరియంట్ జెర్సీకి తానే స్పాన్సరై, ఛాతీ మీది చోటును కోవిడ్‌తో ముందువరుసలో పోరాడుతున్నవారికి కృతజ్ఞతలు చెప్పడానికి వదిలేశాడు.

అందరూ కేన్‌లు కాలేరు. కింది లీగుల్లో ప్రతి పాయింటూ ప్రాణసమానం. పరాయి క్లబ్ కుర్రాడు తప్పులు చేసి నేర్చుకునేదాకా ఆగే ఓపిక ఏ మేనేజర్‌కుంటుంది? కుదిరితే జట్టులో, లేదంటే బెంచీ మీద.

2025 ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీతో ఎఫ్ఏ కప్ మ్యాచ్. టోటెన్‌హామ్ నుంచే వచ్చిన 20 ఏళ్ల జేమీ డాన్లీ దాదాపు సగం మైదానం దూరం నుంచి కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు, ఆపై గోల్‌కీపర్ ఒర్టెగాకు తగిలి లోపలికెళ్లింది. స్టేడియం హోరెత్తిపోయింది. ఓరియంట్ 1-2తో ఓడింది. రికార్డుల్లో మాత్రం అది ఒర్టెగా సెల్ఫ్ గోల్. ఆ సీజన్ ముగిశాక డాన్లీని టోటెన్‌హామ్ మళ్లీ అరువుకే పంపింది, ఈసారి స్టోక్ సిటీకి.